మూడో నంబరు కళ్ళు

ఆ ఉదయం ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా బరువుగా కిందికి వేలాడుతోంది. వాన పడలేదు, ఎండా రాలేదు. దేనికీ నీడ లేదు. ఇలాంటి వెలుతురులో ఫోటోల్లో మొహాలు బాగా వస్తాయని టచింగ్ మాస్టరు అన్నాడు. ఆ మాట ఆయన బావమరిది వినలేదు. కొత్త బూట్లలోకి పాదాలు దూర్చే పనిలో ఉన్నాడు.

బావమరిదికి అది కొత్త ఉద్యోగంలో మొదటి రోజు. అంతకు ముందు పొరుగూళ్ళో సినిమా హాల్లో ప్రొజెక్టరు నడిపేవాడు. హాలు మూసేశారు. రెండేళ్ళు ఖాళీగా ఉండి, నెల క్రితం ఈ ఊరికి, అక్క ఇంటికి వచ్చి చేరాడు. భార్య పుట్టింట్లో ఉంది. ఉద్యోగం గట్టిపడ్డాక కబురు చేస్తే వస్తానంది. ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి రాసుకునే ఈ పని అక్కే ఎవరెవరినో అడిగి ఇప్పించింది. మూడు నెలలు పరీక్షాకాలం. ఈలోగా ఏ ఇంటినుంచైనా ఒక్క ఫిర్యాదు వచ్చినా ఇక రానక్కర్లేదని సూపర్‌వైజర్ ముందే చెప్పాడు. "మీటరు వైపు చూడు. మనుషుల వైపు చూడకు," అన్నది ఆయన ఇచ్చిన ఒకే ఒక సలహా.

మధ్యాహ్నం భోజనాల వేళకు మూడు వీధులు పూర్తి చేసి రావాలని బావమరిది అనుకున్నాడు.

"ఎవరేమన్నా 'సరే' అను," అంది అక్క.

"సరే."

"అదిగో, అలాగే."

టచింగ్ మాస్టరు గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పాత ఫోటోలకు మెరుగులు దిద్దడం ఆయన వృత్తి. పోయినవాళ్ళ బొమ్మ గోడకు పెట్టుకోవాలంటే ఊరంతా ఆయన దగ్గరికే వస్తుంది. మాట్లాడే ముందు ఆయన వేళ్ళు చూసుకుంటాడు. ఇప్పుడూ చూసుకున్నాడు.

"ఒక్క మాటరా. మొదటి రెండు వీధులూ త్వరగా కానిచ్చెయ్. గోడలకేసి ఎక్కువ చూడకు."

"మీటర్లు ఉండేది గోడలకే కదా బావా."

మాస్టరు ఇంకేదో అనబోయి, లోపలికి వెళ్ళిపోయాడు.

మొదటి ఇంట్లో తలుపు తీసింది ఒక పెద్దావిడ. ఆమె భర్త బడిలో లెక్కలు చెప్పేవాడు, పోయి నాలుగేళ్ళయింది. ఆమె కెవ్వుమనలేదు, వెనక్కి తగ్గలేదు. చేతిలోని చేట కింద పెట్టి, అతని కళ్ళలోకి చూస్తూ నిలబడింది.

"ఇంత ఆలస్యమైందేం?" అంది.

"మీటరు చూడాలండీ."

"చూద్దురుగాని. ముందు బీరువా తాళంచెవి ఎక్కడ పెట్టారో చెప్పండి. వెతకని చోటు లేదు."

పెద్దావిడకు మతి కాస్త అటూ ఇటూ అయిందేమో అనుకున్నాడు బావమరిది. కాదంటే ఏడుస్తుంది, ఏడిస్తే ఫిర్యాదు. ఎవరైనా అడిగే మాటే అడిగాడు. "బీరువా పైన చూశారా?"

ఆమె బల్ల జరుపుకుని ఎక్కింది. బీరువా మీద గోడవైపు మూలకు చెయ్యి పోనిచ్చి, దుమ్ముతో సహా తాళంచెవిని బయటికి తీసింది. దాన్ని కొంగుతో తుడిచి, "అవును, అక్కడే పెట్టేవారు," అని గోడ వైపు చూసింది.

అతనూ చూశాడు. గోడమీద ఒక పటం ఉంది. బక్కపలచని మనిషి, నల్ల కోటు, పలచటి మీసం. ముక్కు తనది కాదు. చెవులు తనవి కావు. కళ్ళు మాత్రం తనవే. రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలోంచి తనను చూసేవి అవే. అతను ఎడమకు జరిగాడు. కళ్ళు ఎడమకు వచ్చాయి. మీటరు అంకెలు రాసుకుని, గుమ్మం దాకా వెనక్కి వెనక్కి నడిచి బయటపడ్డాడు.

రెండో ఇల్లు వడ్రంగిది. తలుపంత మనిషి. మీటరు కింద నిలబడి తలెత్తి చూస్తున్న బావమరిదిని చూసి అతని చేతిలోంచి ఉలి జారింది.

"ఒక్కసారే చేశాను," అన్నాడు వడ్రంగి.

"ఏం చేశారండీ?"

"మీటరు తిరక్కుండా వెనక తీగ కలిపాను. మరమ్మతు అయ్యాక తీసేద్దామనే అనుకున్నాను. ఏడాదైంది."

"నేనేమీ అడగలేదండీ."

"మీరెప్పుడు అడిగారు గనక. నా చిన్నప్పుడూ ఇంతే. అడిగేవారు కాదు, చూసేవారు." వడ్రంగి నుదుటి చెమట మోచేత్తో తుడుచుకున్నాడు. అతని వెనక గోడమీద అతని తండ్రి పటం ఉంది. గుబురు మీసాలు, వెడల్పు దవడ. మధ్యలో మళ్ళీ ఆ కళ్ళే. "నేనే ఆఫీసుకు ఫోను చేసి చెప్పుకుంటాను. మీరు అలా చూడకండి చాలు."

"ఫోను వద్దండీ. ఫిర్యాదు అనుకుంటారు."

"వద్దని నోటితో అంటారు. కళ్ళు చేయమంటున్నాయి," అని వడ్రంగి ఫోను తీశాడు.

ఆ మాటలకు పక్కింటి కుట్టుపనావిడ గోడమీదినుంచి తొంగి చూసింది. ఆ గోడ ఎవరిదన్న విషయంలో రెండిళ్ళకూ ఇరవై ఏళ్ళుగా పడదు. మెడలో టేపు వేలాడుతుండగా ఆమె రెండు చేతులూ గోడమీద ఆనించి అలాగే ఉండిపోయింది.

"మావయ్యగారు," అంది.

"మావయ్యేంటి, మా నాన్న," అన్నాడు వడ్రంగి.

"మీ నాన్న మొహం మీ నాన్నది. ఈయన మా మావగారు. పోయినప్పుడు కళ్ళు మూసింది నేనే, నాకు తెలీదా."

వడ్రంగి లోపలికి పోయి పటం తెచ్చాడు. ఆమె కూడా తెచ్చింది. రెండూ గోడమీద పక్కపక్కన నిలబెట్టారు. వాటి మధ్య బావమరిదిని నిలబెట్టారు. ఆరు కళ్ళు ఒక వరుసలో ఉన్నాయి. వడ్రంగి కుక్క వచ్చి, మూడు జతలనూ చూసి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని మంచం కిందికి వెళ్ళింది.

"అంటే మీ మావగారూ, మా నాన్నా..." అన్నాడు వడ్రంగి.

"నోరు జాగ్రత్త."

"అన్నదమ్ములేమో అంటున్నాను."

"అన్నదమ్ములైతే ఇరవై ఏళ్ళు గోడకోసం కొట్టుకుంటారా?"

"అన్నదమ్ములైతేనే కొట్టుకుంటారు."

ఆమె రెండు పటాలనూ మార్చి మార్చి చూసింది. ఆ మాట కొట్టిపారేయదగ్గదిగా కనిపించలేదు. "మరి ఈయనెవరు?" అంది.

ఇద్దరూ అతని వైపు తిరిగారు.

"మీటరండీ," అన్నాడు బావమరిది.

ఈ కబురు అతనికంటే ముందు మూడో వీధి చేరింది. చేరేసరికి దాని ఆకారం మారింది. పెద్దలు బయట కన్న కొడుకు ఒకడు మీటర్లు చూసే వంకన ఇళ్ళన్నీ కొలుచుకుంటున్నాడని, రేపో మాపో వాటా అడుగుతాడని అన్నారు. ఎవరి పెద్దలన్నది మాత్రం తేలలేదు. తేల్చుకోడానికి ప్రతివాళ్ళూ తమ గోడమీది పటం దించి దుమ్ము తుడిచి చూశారు. చూసినవాళ్ళు పటాలతోనే గుమ్మాల్లోకి వచ్చారు.

బావమరిది మూడో వీధి మొగదల ఆగిపోయాడు. వీధి పొడవునా ప్రతి గుమ్మం ముందూ ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ప్రతి మనిషీ గుండెకు ఒక పటాన్ని ఆనించుకుని ఉన్నాడు. ముసలివాళ్ళు, నడివయసువాళ్ళు, తలగుడ్డలవాళ్ళు, కళ్ళజోళ్ళవాళ్ళు, ఒక నర్సు. పటాలన్నీ అతని వైపే చూస్తున్నాయి. నీడలు లేని ఆ వెలుతురులో పటాల్లోవాళ్ళే ప్రాణమున్నవాళ్ళలా, పట్టుకున్నవాళ్ళు బొమ్మల్లా కనిపించారు.

అతను పుస్తకం మూసి వెనక్కి తిరిగాడు. బావ స్టూడియో దాకా నడిచాడు. వెనక అడుగుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. తిరిగి చూస్తే ఎవరికి ఏమవుతుందోనని తల నేలకే పెట్టుకున్నాడు.

స్టూడియో ఒకటే గది. కిటికీ కింద మాస్టరు బల్ల, భూతద్దం, మూడు వెంట్రుకల కుంచె. ఎదురు మూల ఆయన కూతురు కంప్యూటర్ ముందు కూర్చుని ఉంటుంది. ఆ గదినుంచి వెళ్ళిన ప్రతి ఫోటో వెనకా ఎర్ర సిరా ముద్ర ఒకటి పడుతుంది: "నకలు తీయరాదు. హక్కులన్నీ స్టూడియోవి." ముద్ర లేని ఫోటోని మాస్టరు తన చేతి నుంచి బయటికి పోనిచ్చింది లేదు. పొరుగు స్టూడియోవాడు ఒకసారి ఈయన ఫోటోకి నకలు తీస్తే ఏడాదిపాటు వాడితో మాట్లాడలేదు.

వెనకే వచ్చిన మూడు వీధుల జనం తమ పటాలను బల్ల పొడవునా గోడకు ఆనించి పెట్టారు. ఇరవై మూడు అయ్యాయి. మాస్టరు వాటిని చూసి కుంచె కింద పెట్టాడు.

"బావా, ఇవి నా కళ్ళు," అన్నాడు బావమరిది.

"కళ్ళు మాత్రమే నీవి. మిగతాదంతా వాళ్ళ వాళ్ళదే."

"అడక్కుండా ఎలా తీసుకున్నావు?"

మాస్టరు వేళ్ళు చూసుకున్నాడు. "గుంపు ఫోటోలో పోయినాయన గోరంత ఉంటాడు. పెద్దది చేస్తే కళ్ళుండాల్సిన చోట రెండు మచ్చలుంటాయి. కొందరు నవ్వుతూ మూసేసుకుంటారు. గోడకు పెట్టుకునే మనిషికి కళ్ళు లేకపోతే ఎలా? నీ ఫోటో చేతికి దగ్గరగా ఉంది. ఈ ఊరివాడి కళ్ళయితే గుర్తుపడతారని పొరుగూరివాడివి వాడాను. నువ్వొచ్చి ఇక్కడే మీటర్లు చూస్తావని కల గన్నానా?"

"అడగాలి కదా."

"బంధువువే కదా."

వడ్రంగి ముందుకొచ్చాడు. "మరి మా నాన్న కోటు?"

"కోటు నాది," అన్నాడు మాస్టరు. "గడ్డం ఎవరిదో గుర్తులేదు."

మూలనుంచి కూతురు కుర్చీ తిప్పింది. "ఇందులో అంత తప్పేముంది మామయ్యా. నాన్న చేసింది రీమిక్సే. పాత పాటలోంచి ముక్క తీసి కొత్త పాట కట్టడంలేదూ, అలాగే. ఒకళ్ళ ముక్కు, ఒకళ్ళ కళ్ళు. కలిపినవాళ్ళ పనితనం."

"పాటకు నొప్పి ఉండదమ్మా," అన్నాడు బావమరిది.

"నేనైతే నాన్నలా పెట్టెలో దాచుకోలేదు. ఆ కళ్ళు స్కాన్ చేసి నెట్‌లో పెట్టాను. ఉచితం. ఎవరికి కావాలంటే వాళ్ళు వాడుకోవచ్చు."

మాస్టరు మొహం కడిగిన పింగాణీ పళ్ళెంలా అయింది. "నా కళ్ళు ఉచితంగా ఇచ్చేశావా?"

"నీ కళ్ళా?" అన్నాడు బావమరిది.

"ఎంతమంది తీసుకున్నారు?" అని అడిగింది కుట్టుపనావిడ.

"పధ్నాలుగు వేలమంది."

ఎక్కడెక్కడో గోడలమీద, తెరలమీద ఉన్న పధ్నాలుగు వేల జతలు ఒక్కసారి ఇటు తిరిగినట్టు బావమరిదికి తోచింది.

"అందులో ఒక దెయ్యాల వీడియో గేములు చేసే కంపెనీ ఉంది," అంది కూతురు గొంతు తగ్గించి. "పోయినవారం వాళ్ళు నోటీసు పంపారు. ఈ కళ్ళు వాళ్ళవట, మనం కాపీ కొట్టామట. సైటువాళ్ళు మనది తీసేశారు."

"అంటే ఇప్పుడు నా కళ్ళు?"

"కాగితాల ప్రకారం వాళ్ళవి. అసలు నెగటివ్ చూపిస్తే మనకు తిరిగి వస్తాయి."

కుట్టుపనావిడకు ఈ కంపెనీల గొడవ పట్టలేదు. "మాకు ఒక్కటి తేలాలి," అంది. "ఈయన మా ఇళ్ళవాడు కాదని రుజువు చేయండి. కళ్ళు పుట్టుకతో ఈయనవే, మీరే తెచ్చి అతికించారు అని కళ్ళారా చూస్తాం. లేదంటే అందరం కలిసి ఆఫీసుకు పోయి ఫిర్యాదు రాస్తాం. ఇలాంటి మనిషి మా వీధుల్లోకి రాకూడదు."

ఫిర్యాదు అన్న మాట దగ్గర బావమరిది లెక్క వేసుకున్నాడు. ఒక్కటి చాలు. ఇక్కడ ఇరవై మూడు ఉన్నాయి. భార్య అన్న మాట గుర్తొచ్చింది. "పెట్టె తియ్యి బావా," అన్నాడు.

మాస్టరు రేకు పెట్టె తాళం తీసి, కవర్లమీద సంవత్సరాలు చదువుకుంటూ వెళ్ళి, ఒకటి బయటికి లాగాడు. పద్దెనిమిదేళ్ళ నాటిది. నెగటివ్‌ను కిటికీకి పట్టాడు. కూతురు ఫోనులో దాన్ని తెలుపు నలుపులు తిరగేసి అందరికీ కనిపించేలా ఎత్తింది.

చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, తల నున్నగా దువ్వుకుని కూర్చున్న బావమరిది అందులో ఉన్నాడు. రెండు కళ్ళూ మూసుకుని ఉన్నాడు.

మాస్టరు బల్లమీద కూర్చున్నాడు. "అవును," అన్నాడు. "మూడుసార్లు తీశాను. మూడుసార్లూ మూశావు. రీలు అయిపోయింది. నువ్వు మధ్యాహ్నం బస్సుకు పోవాలి, దరఖాస్తుకు ఫోటో కావాలి."

"మరి ఫోటోలో కళ్ళున్నాయి కదా. అదే అన్ని ఉద్యోగాలకూ అంటించాను. ఎక్కడికి పోయినా ఆ ఫోటోతో పోల్చి చూసి, నువ్వేనా అని అడిగేవాళ్ళు. నేనే అనేవాణ్ణి."

"అప్పుడు ఇవి అతికించాను," అని మాస్టరు బల్ల సొరుగులోంచి పాత కవరు ఒకటి తీశాడు. దానిమీద మూడు అని అంకె ఉంది. లోపల వేలెడంత కాగితం ముక్క. అందులో మొహం లేదు, కళ్ళే ఉన్నాయి. వెనక పాతకాలపు చేతిరాత: "మా గురువుగారి వద్ద తీసుకున్నది. ఎవరివో వారికీ తెలియదు. నకలు తీయరాదు."

కూతురు ఆ ముక్కను మామయ్య మొహం పక్కన పట్టింది. వెంటనే దించేసింది.

అదే సమయానికి భోజనానికి పిలుద్దామని అక్క వచ్చింది. విషయమంతా విని, తమ్ముడి గడ్డం పట్టుకుని మొహం కిటికీ వైపు తిప్పింది. చాలాసేపు చూసింది.

"చిన్నప్పుడు వీడి కళ్ళు ఇలా ఉండేవి కావు," అంది మెల్లగా.

"మరెలా ఉండేవక్కా?"

ఆమె ఆలోచించింది. చెయ్యి తీసేసింది. "గుర్తు రావడం లేదు."

మాస్టరు గొంతు సవరించుకున్నాడు. "సరే. అందరివీ మార్చి ఇస్తాను. నాలుగో నంబరు కూడా ఉంది." ఇంకో కవరు కోసం సొరుగులో చెయ్యి పెట్టాడు.

పెద్దావిడ అందరినీ తప్పించుకుని ముందుకు వచ్చి, తన పటం తీసి చంకన పెట్టుకుంది. "నాది ముట్టుకోకు నాయనా. ఆయన కళ్ళు ఎలా ఉండేవో అంటే నాకిప్పుడు ఇవే గుర్తొస్తాయి. ఇవి కూడా తీసేస్తే ఇంక నా దగ్గరేముంది?"

తర్వాత వడ్రంగి తన పటం తీసుకున్నాడు. "మార్చితే నేను మళ్ళీ తీగ కలుపుతానేమో," అన్నాడు. కుట్టుపనావిడ తన మావగారిని తీసుకుంటూ, తండ్రిని కొంచెం సరిగ్గా పట్టుకోమని పక్కనున్న వడ్రంగికి చెప్పింది. ఒక్కొక్కరే పటాలు ఎత్తుకుని బయటికి నడిచారు. ఎవరివో తెలియని కళ్ళు ఎవరి గోడకైనా నప్పుతాయని వాళ్ళకు తోచింది కాబోలు.

ఆఖరి మనిషి గుమ్మం దాటుతుండగా సూపర్‌వైజర్ మోటారు సైకిలు దిగాడు. బావమరిది మీటర్ల పుస్తకం తీసి పట్టుకున్నాడు.

"పొద్దుటినుంచి ఒకటే ఫోన్లు," అన్నాడు సూపర్‌వైజర్.

"ఫిర్యాదులేనా సార్?"

"పదకొండుమంది. మీటరు వెనక్కి తిప్పామని, తీగ కలిపామని వాళ్ళంతట వాళ్ళే ఒప్పుకున్నారు. నా సర్వీసులో చూడలేదు. పరీక్షాకాలం అక్కర్లేదని పైవాళ్ళు అన్నారు. ఉద్యోగం ఖాయం. రేపటినుంచి ఊరంతా నువ్వే తిరగాలి."

బావమరిది సరే అందామని తలెత్తాడు. సూపర్‌వైజర్ మాట ఆగిపోయింది. ఆయన తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఇంకో సంగతి," అన్నాడు. "ఆఫీసు జనరేటరు డీజిలు మా ఇంటికి పట్టుకెళ్ళింది నేనే."

"నేనేమీ అడగలేదు సార్."

"తెలుసు. మా ఇంట్లో కూడా ఒక పటం ఉంది. మా అమ్మది." ఆయన మోటారు సైకిలు ఎక్కకుండా, తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం బాగా దాటాక నలుగురూ భోజనాలకు కూర్చున్నారు. ఆకాశం అలాగే ఉంది. అక్క వడ్డించింది. ఉద్యోగం ఖాయమైన ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి. ఎవరూ అనలేదు. మాస్టరు, అక్క, కూతురు ముగ్గురూ కంచాల్లోకే చూస్తూ తిన్నారు.

సగం తిన్నాక బావమరిది తలెత్తి ముగ్గురి వైపూ చూశాడు.

మాస్టరు ఎడమచేత్తో జేబులోంచి సిగరెట్టు పెట్టె తీసి కంచం పక్కన పెట్టాడు. ఆయన మానేసి రెండేళ్ళయిందని ఇల్లంతా అనుకుంటోంది. కూతురు ఫోను తీసి, ఎవరి పేరో చెరిపేసి, తెర కిందికి తిప్పి పెట్టింది. అక్క లేచి వెళ్ళి, బియ్యం డబ్బా వెనక దాచిన మీగడ పెరుగు గిన్నె తెచ్చి అందరికీ సమానంగా వడ్డించింది.

అతను తలెత్తింది మంచినీళ్ళ కోసం.